మీట నొక్కించే ఉమాకాంతం గారు

మా ఉమాకాంతం గారికి ఎవరు నోటితో చెప్పినా నమ్మకం కుదరదు. మీట నొక్కి చెప్పాల్సిందే.

నందిగామలో మా డిగ్రీ కాలేజీలో ఆయన ఎకనామిక్స్ చెబుతారు, నేను తెలుగు. క్లాసులో ప్రతి ఒక్కరికీ అరచేతిలో ఇమిడే రిమోట్ ఒకటి ఇచ్చారు. దానికి ఏ, బీ, సీ, డీ అని నాలుగు మీటలు. తెర మీద ప్రశ్న పడగానే నొక్కాలి. ఎవరేం నొక్కారో ఆయన ల్యాప్‌టాప్‌లో ఆయనకు మాత్రమే కనిపిస్తుంది. హాజరు కూడా దాంతోనే పడుతుంది, తలలు లెక్కపెట్టే పని లేదు. స్టాఫ్‌రూములో టీయా కాఫీయా అన్నదానికి కూడా మా చేత నొక్కించేవారు. ఇంట్లో కూరల దగ్గరా ఇదే తంతు.

"బీరకాయకి మూడు ఓట్లు పడ్డాయండి. నేను దొండకాయే వండా," అని ఆయన భార్య వసుమతి గారు ఒకసారి మాతో చెప్పారు.

ఇంతవరకూ నవ్వులాటే. క్లాసు చివర ఆయన వేసే ప్రశ్న మాత్రం మాకు మింగుడుపడేది కాదు. మనసెలా ఉంది? ఏ బాగుంది, బీ పర్వాలేదు, సీ బాగాలేదు, డీ బతకాలని లేదు. అపశకునంలా ఆ నాలుగోది ఎందుకు, తీసెయ్యమని ప్రిన్సిపాల్ గారు చెప్పి చూశారు. ఈయన తల అడ్డంగా ఊపి ఊరుకున్నారు. ఇంత చాదస్తం మనిషికి పనికిరాదు.

మొన్న మిర్చి కోతలప్పుడు ఒక మధ్యాహ్నం నా క్లాసు గుమ్మంలోకొచ్చి, చెవిటికల్లు వెళ్లాలి, తోడు రమ్మన్నారు. ఆ ఊరి నుంచి వచ్చే నవీన్‌బాబు అనే కుర్రాడు డీ నొక్కాడట, ఫోనెత్తడం లేదట. ఇద్దరం స్కూటరెక్కాం.

తీరా వెళ్తే నవీన్‌బాబు అరుగు మీద కూర్చుని ముద్దపప్పులో ఆవకాయ కలుపుకొని సుష్టుగా తింటున్నాడు. మమ్మల్ని చూడగానే పొలమారింది.

"కోతలున్నాయని ఇవాళ కాలేజీకి రాలేదండి. హాజరు పడుద్దని నా రిమోట్ నిన్నే మా క్లాసు బుల్లిబాబుకిచ్చా," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆ బుల్లిబాబు చూసుకోకుండా ఏదో మీట నొక్కేసి ఉంటాడన్నాను. ఉమాకాంతం గారి మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

"కాదండి. తన రిమోట్ మీద ఏ నొక్కాడు. తన పేరు మీద చెప్పుకోలేనిది వీడి రిమోట్‌లో చెప్పుకున్నాడు," అంటూనే స్కూటర్ బుల్లిబాబు ఉండే కంచికచర్ల వైపు తిప్పారు.

దారిలో, ఇదివరకు వేరే కాలేజీలో తన దగ్గర చదివిన లాస్య సంగతి చెప్పారు. ముందు బెంచీలో కూర్చుని రోజూ బాగున్నా సార్ అనేదట. ఒక రోజు ప్రాణం తీసుకుంది.

"నోటితో అడిగితే అందరూ బాగున్నామనే అంటారండి," అన్నారు.

బుల్లిబాబు ఇంట్లో గోడకానుకొని ఒక్కడే కూర్చున్నాడు. వాళ్ల నాన్న పోయి నెలయింది. అమ్మ కూలికి వెళ్లింది. ఉమాకాంతం గారు ఏమీ అడగలేదు. పక్కనే నేల మీద కూలబడి వాడి చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపటికి వాడు బావురుమన్నాడు. తల్లిని పిలిపించి, ఇద్దర్నీ నందిగామ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. వాణ్ణి ఒంటరిగా వదలకూడదని ఆ మర్నాటి నుంచి ఉమాకాంతం గారే రోజూ కంచికచర్ల వెళ్లి, వెనక కూర్చోబెట్టుకొని, హైవే మీద కాలేజీకి తెస్తున్నారు.

ఎలా ఉంది బాబూ అని నిన్న అడిగాను. చాలా రోజులకి వాడి మొహంలో నవ్వు చూశాను.

"సార్ లారీల సందుల్లోంచి స్కూటర్ తోలుతుంటే, ప్రాణమంటే ఎంత తీపో తెలుస్తోందండి."