కెమెరాకు పెట్టిన బొట్టు

ప్రతి ఉదయం శేషగిరి స్నానం చేసి, ఇత్తడి చెంబు పట్టుకుని బాల్కనీలోకి వచ్చి సూర్యుడికి నీళ్ళు వదిలేవాడు. ఇంగ్లండులోని కోవెంట్రీలో జనవరి నెలలో ఆ వేళకు సూర్యుడెక్కడ? అయినా తూర్పు దిక్కు ఎక్కడికీ పోలేదు కదా అని అతని ధీమా. ఆ నీళ్ళు కింది ఫ్లాటులో ఉండే మిసెస్ బేకర్ ముంగిట్లో పడుతున్నాయని తెలిసి సిగ్గుపడి, క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాడొకసారి. ఆ ముసలావిడ సంగతంతా విని, తన పూలకుండీని ఈడ్చి సరిగ్గా ఆ ధార పడే చోట పెట్టింది. "రోజూ నా మొక్కకు నువ్వే నీళ్ళు పోస్తానంటే నేనెందుకు వద్దంటాను?" అంది. ఇలాంటివి చూసినప్పుడల్లా, స్వామి ఏ ఊళ్ళోనైనా మనుషుల చేతులతోనే పని చేస్తాడని శేషగిరి తన భార్య పుష్పలీలతో అనేవాడు.

అలాంటి మనిషికి రెండేళ్ళుగా భయం పట్టుకుంది.

అద్దంకి దగ్గర పల్లెలో బడి చదువు, తరువాత ఐటీఐ, ఆపైన ఎవరో మేలు కోరిన వాళ్ళ వల్ల ఈ దేశం. కార్ల తలుపులు చేసే ఫ్యాక్టరీలో పదేళ్ళు అతని పని ఒక్కటే: రంగు వేసిన తలుపును దీపాల కింద వంచి చూసి, వెంట్రుకంత గీత ఉన్నా పక్కన పెట్టడం. ఆ విభాగం మూతపడింది. గిడ్డంగిలో పెట్టెలెత్తే పనికి వెళితే మూడో నెలలోనే నడుములో పూస జరిగింది. "మళ్ళీ బరువు ఎత్తావో, ఈసారి నిన్ను ఇంకొకరు ఎత్తాలి" అన్నాడు క్లినిక్కులో డాక్టరు. నలభై ఆరేళ్ళ వయసులో అతనికి ఎదురైన పనులన్నీ ఎత్తే పనులే. పుష్పలీల కేర్ హోములో ముసలివాళ్ళను లేపి కూర్చోబెడుతూ రోజుకు రెండు షిఫ్టులు చేస్తోంది. ఇంటికొచ్చాక ఆవిడ మణికట్లు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే, శేషగిరి అటు చూడలేక వంటింట్లోకి పోయేవాడు. తపాలా పెట్టెలో కవరు పడిన చప్పుడైతే చాలు, ఏ బిల్లోనని ఉలిక్కిపడేవాడు.

దారి చూపించింది గుడికి వచ్చే వైదేహి ఆంటీ. భర్త డాక్టర్ రామకృష్ణారావు గారు పోయాక పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటోంది. కార్డిఫ్ ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న కూతురు అపూర్వ దగ్గరికి వెళ్ళిపోదామని ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఇక్కడ అమ్మే ప్రతి ఇంటికీ ఏజెంటు ఫోటోలు తీయించి ప్రకటన వేస్తాడు. గుడి కల్యాణ మంటపాన్ని శేషగిరి ఎవరిదో కెమెరా తీసుకుని ఫోటో తీయడం ఆవిడ చూసింది.

"ఏవయ్యా శేషగిరీ, స్తంభాలు స్తంభాల్లాగే నిలబడ్డాయే నీ ఫోటోలో! మా ఇల్లు అమ్మేవాడు పంపిన కుర్రాడు తీస్తే, మా హాలు తాగి పడిపోయినట్టుంది" అంది. ఆ మాటే ఏజెంటు దగ్గర కూడా అంది. మా ఇల్లు మా శేషగిరే తీస్తాడు, బాగుంటే మీ ఇళ్ళన్నీ అతనికే ఇవ్వండి అని. ఏజెంటు సరేనన్నాడు. ఒక్క ఇల్లు, ఒక్క అవకాశం. బాగుంటే వారానికి ఐదిళ్ళు. బాగా లేకపోతే పాత కుర్రాడే.

ఇక కెమెరా కావాలి. బస్టాండు వెనక పాత కెమెరాల షాపు అద్దం ముందు శేషగిరి మూడు శనివారాలు నిలబడ్డాడు. కొత్త కెమెరా, దానికొక లెన్సు, నల్ల సంచి, అన్నీ కలిపి ఒకే పెట్టెలో మెరుస్తున్నాయి. అదే కొందామని చెయ్యి జేబులోకి పోతుంది, తప్పయితే ఎలాగన్న భయంతో వెనక్కి వస్తుంది. మూడో వారం షాపు యజమాని ఆర్థర్ తలుపు తీసి, "చలికి గడ్డ కట్టిపోతే నీ శవాన్ని నేనే మొయ్యాలి, లోపలికి రా" అని టీ ఇచ్చాడు.

సంగతి విని ఆ కొత్త పెట్టె పక్కకు తోసేశాడు. "ఇళ్ళు పరిగెత్తవు. వేగంగా తీసే కెమెరా నీకెందుకు? దీనితో గోడకు వీపు ఆనించి తీసినా సగం మంచమే వస్తుంది. కెమెరా పాతదైనా పరవాలేదు, ముందు ఉండే అద్దం మంచిది కావాలి, కింద కాళ్ళు గట్టివి కావాలి" అన్నాడు. గది మొత్తం పట్టే వెడల్పు లెన్సు, ఎవరో వాడి అమ్మినది, తీసి చూపించాడు. అంచు దగ్గర గీతలు పడిన పాత కెమెరా ఒకటి, బరువైన మూడుకాళ్ళ స్టాండు ఒకటి జత చేశాడు. స్టాండు ఒక కాలికి టేపు చుట్టి ఉంది. కెమెరా వంకర పోయిందో లేదో చూసుకోవడానికి నీటిబుడగ ఉన్న చిన్న మట్టపు బిళ్ళ ఊరికే ఇచ్చాడు.

"మరీ వెడల్పుగా తీసి బాత్‌రూమును ఫుట్‌బాల్ మైదానం చెయ్యకు, కొనడానికి వచ్చినవాళ్ళు తిట్టుకుంటారు. దీని వెనక తెర చిన్నది, మసక. దాన్ని నమ్మొద్దు, కంప్యూటరులో చూసుకో. ముందరి అద్దాన్ని మాత్రం వేలితో ముట్టుకోకు. బాగా లేకపోతే రెండు వారాల్లో తెచ్చి ఇచ్చెయ్" అన్నాడు.

ఆదివారం ఉదయం పటాల ముందు పీట వేసి, దాని మీద తువాలు పరిచి, కెమెరా పెట్టాడు శేషగిరి. అతని ఊళ్ళో కొత్త పనిముట్టు బొట్టు లేకుండా పని మొదలుపెట్టదు. నాగలికి పెట్టారు, కుట్టుమిషనుకు పెట్టారు, ఒక ఏడాది పిల్లలంతా కలిసి మాస్టారి బెత్తానికి కూడా పెట్టి, మరునాడు దానితోనే దెబ్బలు తిన్నారు. స్టాండు మూడు కాళ్ళకూ పసుపు రాశాడు. గంధం తడిపి, కుంకుమ అద్ది, లెన్సు దగ్గర వేలు ఆపాడు.

"గాజుకెందుకండీ?" అంది పుష్పలీల.

"ముఖానికే కదా బొట్టు పెడతాం. మరి దీని ముఖం ఏది?"

కళ్ళు మూసుకుని పెట్టాడు. హారతి ఇచ్చాక ఆర్థర్ మాట గుర్తొచ్చి కంగారుపడి పంచె చెంగుతో తుడిచాడు. వంటింటి దీపం కింద తిప్పి చూస్తే శుభ్రంగానే కనిపించింది.

సోమవారం వైదేహి ఆంటీ ఇంటి ముందు ఆగి, స్టాండును ఒక చేతి నుంచి ఇంకో చేతికి రెండుసార్లు మార్చుకున్నాడు. ఇంకొకరి ఇంట్లో గదిగదికీ తిరగడం, వాళ్ళ మంచాలూ బీరువాలూ చూడడం, ఏదైనా చెయ్యి తగిలి పగిలితే? వీధిలో పోయేవాడెవడైనా ఆపి, ఈ ఇంట్లో నీకేం పని అంటే? చెప్పులు గడప బయటే విడిచాడు.

"లోపల పెట్టుకోవయ్యా, ఈ ఊరి వీధుల్లో తిరిగే నక్కలు ఎత్తుకుపోతాయి" అంది ఆంటీ. ఉప్మా తినిపించి గానీ పని మొదలుపెట్టనివ్వలేదు. "ఎందుకంత వణుకు? మా ఆయన మొదటిసారి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు కూడా ఇంత వణకలేదు. ఇంజెక్షన్ వేయించుకున్నది నేను."

ఆర్థర్ చెప్పినట్టే చేశాడు. ఛాతీ ఎత్తులో కెమెరా, మట్టం సరిచూసుకోవడం, తరువాత కంప్యూటరులో కలిపి ఒకటి చెయ్యడానికి, స్టాండు కదపకుండా ప్రతి మూలనుంచీ మూడేసి ఫోటోలు: ఒకటి చీకటిగా, ఒకటి మధ్యస్థంగా, ఒకటి వెలుగ్గా. వెనక తెరలో అన్నీ బాగానే కనిపించాయి. రెండు గంటలకల్లా వెలుతురు తగ్గడం మొదలైంది. పని ముగించి, రేపు మధ్యాహ్నం పన్నెండులోపు ఏజెంటుకు పంపిస్తానని చెప్పి బస్సెక్కాడు. మరునాడు ఉదయం ఎనిమిదికి సామాన్ల లారీ వస్తుంది, అపూర్వ వచ్చి అమ్మను తీసుకుపోతుంది.

ఇంట్లో లాప్‌టాప్ తెరిచి మొదటి ఫోటో చూశాడు. హాలు, కిటికీ, పొయ్యిగూడు. ఎడమవైపు కింద తుప్పు రంగు మరక. తెర మీద ఏదో అంటిందనుకుని చొక్కా చేతితో తుడిచాడు. పోలేదు. రెండో ఫోటో. అక్కడే. పడకగదిలో తెల్ల దుప్పటి మీద ఎవరో తాంబూలం ఉమ్మినట్టుంది. పదో ఫోటోలోనూ అదే. ఇరవయ్యో ఫోటోకు ఇక చూడలేకపోయాడు. లెన్సు విప్పి కిటికీ వైపు ఎత్తి చూశాడు. సన్నని పొర ఒకటి, దానిలో ఎర్రని నలుసులు. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే గంధం వాసన వేసింది.

కుర్చీలో కూలబడ్డాడు. అంచు కత్తిరించి చూస్తే పొయ్యిగూడే పోయింది. కంప్యూటరులో రంగు పూసి చూస్తే గోడకు గజ్జి వచ్చినట్టయింది. ఇవి పంపితే తన పని పోతుంది, అది సరే. తన కోసం అంత గట్టిగా పూచీ ఇచ్చిన పెద్దావిడ మాట కూడా పోతుంది. పంపకపోయినా అంతే.

అయిదింటికి పుష్పలీల వచ్చింది. కోటు విప్పకుండానే ఫోటోలు చూసి పక్కన కూర్చుంది.

"స్వామికి నా మీద ఎందుకో కోపం వచ్చింది లీలా" అన్నాడు.

"స్వామికి వేరే పనేం లేదూ? కెమెరా కంట్లో కుంకం కొట్టింది మీరు, నింద ఆయనకా?" ఆర్థర్ ఇచ్చిన మెత్తని గుడ్డ తీసి, నోటి ఆవిరి పట్టి, నెప్పి పుట్టే ఆ చేతితోనే గుండ్రంగా తుడవడం మొదలుపెట్టింది. "ఇదిగో, పోయింది. వెళ్ళి ఆంటీకి ఉన్నదున్నట్టు చెప్పండి."

"తిడుతుంది."

"తిట్టించుకోండి. తిట్లు నడుముకు బరువు కావుగా."

బస్సులో అరగంట సేపూ శేషగిరి ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. ఆ వీధిలో దిగేసరికి ఒక్క మాటా గుర్తు లేదు. గంట కొట్టాడు. ఆవిడ చీదరించుకుని తలుపు వేసేస్తే చాలు, ఈ పనికీ తనకూ రుణం తీరిపోయినట్టే.

తలుపు తీసిన వైదేహి ఆంటీ వెనక హాలు చూసి అతని ప్రాణం జారిపోయింది. పరదాలన్నీ దించేసి ఉన్నాయి. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. గోడ పటాలు నేల మీద ఉన్నాయి.

"ఏం మర్చిపోయావయ్యా? గొడుగా?"

గడప బయటే నిలబడి చెప్పాడు. బొట్టు పెట్టిన సంగతి, పంచెతో తుడిచిన సంగతి, అన్ని ఫోటోలూ పాడైన సంగతి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో అతనికి తెలియలేదు.

"కెమెరాకు బొట్టా! మా ఆయన స్టెతస్కోపుకు మా అత్తగారు పసుపు రాసింది. రోగుల ఛాతీల మీద పచ్చటి బిళ్ళలు పడ్డాయి, పచ్చకామెర్లని కంగారుపడ్డారు పాపం ఒకళ్ళిద్దరు" అని, ఊపిరి తీసుకుని, మొహం మార్చింది. "అది సరే, ఇల్లంతా విప్పేశానే. నేనొకటి చేస్తాను. ఏజెంటుకు ఫోన్ చేసి నాదే తప్పంటాను. నేను రానివ్వలేదనీ, వారం పోయాక ఖాళీ ఇల్లు తీస్తాడనీ చెప్తా. ముసలిదాన్ని, నన్నేమంటారు?"

ఎంత సులువుగా ఉందో ఆ మాట! ఒక్క "సరే"తో ఈ భయమంతా దిగిపోతుంది. శేషగిరి ద్వారబంధం పట్టుకున్నాడు. రేపు తను ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటి తాళాలు తన చేతికే ఇస్తారు. మొదటి ఇల్లే అబద్ధంతో తెరవాలా?

"వద్దాంటీ. నా తప్పు మీ నెత్తిన పెట్టుకోవద్దు. తప్పు నాదేనని వాళ్ళతో నేనే చెప్తాను, కానీ మంచి ఫోటోలు చేతిలో పెట్టి చెప్తాను."

"ఎలా తీస్తావు? ఎనిమిదింటికి లారీ. అప్పటికింకా తెల్లవారనే తెల్లవారదు. అపూర్వ సెలవు రేపు ఒక్కరోజే, సాయంత్రానికి డ్యూటీ ఎక్కాలి."

అతనికి తెలుసు. తను అడగబోయేది ఆవిడకూ, కూతురికీ ఎంత కష్టమో తెలుసు. తన జీవితంలో ఎవరినీ ఇంత పెద్ద కోరిక కోరలేదు. అయినా అడిగాడు.

"ఆంటీ, పరదాలు ఇప్పుడే నేను మళ్ళీ కట్టేస్తాను. కుర్చీలు ఒక్కొక్కటే, నడుము నొప్పి పెట్టకుండా ఈడ్చి ఎక్కడివక్కడ పెడతాను. ఎనిమిదింబావుకు వెలుతురొస్తుంది, పదిన్నరకల్లా ముగిస్తాను. ఆ లారీ వాళ్ళకు మీరొక్క ఫోన్ చెయ్యండి. పదకొండింటికి రమ్మనండి."