జెండాల్లేని నౌక

నలభై ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో అంతరిక్షం సీరియల్ ఒకటి వచ్చేది. కరువుతో ఎండిపోయిన భూమిని వదిలి మూడు వేలమంది ఒక పెద్ద నౌకలో కొత్త గ్రహానికి బయలుదేరతారు. ఆ నౌకకు కెప్టెన్ ఒక ఆడమనిషి. రెండేళ్ళకు పైగా నడిచి, నౌక ఆ గ్రహం మీద దిగబోయే వారానికి పత్రికే మూతపడింది. సీరియల్‌కు రచయిత పెట్టిన మంచి పేరొకటి ఉండేది గాని, మేము ముగ్గురం దాన్ని ‘నౌక’ అనే పిలిచాం. ఇప్పటికీ అంతే.

ముగ్గురం అంటే నేను, మాస్టారు, భాయ్. నేను సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరై జగ్గయ్యపేటలో ఉంటున్నాను. మాస్టారిది వీరులపాడు. హైస్కూళ్ళలో సైన్సు చెప్పి, ఇప్పుడు నందిగామలో స్థిరపడ్డారు. భాయ్‌ది మా ఊళ్ళోనే రేడియో రిపేరు షాపు. రేడియోలు పోయాక టీవీలు, టీవీల తర్వాత ఫోన్లు వచ్చాయి గాని షాపు అదే, కౌంటరు అదే. ఆదివారం చర్చి అయ్యాక మాస్టారు బస్సెక్కి వచ్చేవారు. ఆ కౌంటరు చుట్టూ కూర్చుని నౌక గురించి మాట్లాడుకునేవాళ్ళం. పత్రిక పోయినా మా ఆదివారాలు పోలేదు.

ఆ రోజుల్లో పత్రిక గురువారం మా ఊరి బస్టాండుకు వచ్చేది. నేను కొన్న కాపీని శుక్రవారం పొద్దున్నే మా ఇంజనీరు గారి భార్యకు ఇచ్చేయాలి. ఆవిడ తర్వాత అది ఎన్ని ఇళ్ళు తిరిగేదో తెలియదు, తిరిగి నా చేతికి మాత్రం రాలేదు. అందుకని గురువారం సాయంత్రమే ఆ వారం కథంతా నా డైరీలో ఎక్కించేవాణ్ణి. మాస్టారు పనిచేసే పల్లెకు పత్రిక వచ్చేది కాదు. భాయ్‌కి షాపు పనిలో చదివే తీరిక ఉండేది కాదు. ఆదివారం నేను డైరీ తీసి చదివితే వాళ్ళిద్దరూ వినేవారు. ఇప్పుడు ఆ పత్రికలు ఎక్కడా దొరకవు. నౌక మిగిలిందంటే నా డైరీల్లోనే మిగిలింది.

ఈ ఏడాది ఆ నౌక మళ్ళీ కదిలింది. ఎవరో కుర్ర దర్శకులు హక్కులు కొని, ఫోన్లో చూసే సిరీస్‌గా తీశారు. కబురు తెచ్చింది లాయరమ్మ. ఆమె నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. చిన్నప్పుడు మాస్టారి క్లాసులో పాఠం అయిపోయాక ఆయన చెప్పిన నౌక కథ విని మాలో కలిసిన నాలుగో మనిషి. ఆమె పంపిన ట్రైలర్‌ను భాయ్ షాపులోని పెద్ద టీవీకి కలిపి చూశాం. నౌక దిగింది. దిగినవాళ్ళు రాజధాని ఎక్కడ కట్టాలని రెండు వర్గాలయ్యారు. ఒకరి చేతిలో నీలం జెండా, ఒకరి చేతిలో పసుపురంగుకు దగ్గరగా ఉండే ఇంకేదో రంగు జెండా. పొలం ఇవ్వమని అడిగేవాళ్ళు, ఇవ్వం అనేవాళ్ళు. మధ్యలో కెప్టెన్, ఆమె పక్కన ఒక మొగుడు.

మొగుడి విషయంలో అందరిదీ ఒకటే మాట, కొత్తవాళ్ళు అక్కరలేని ప్రేమ కలిపి పాడుచేశారని. మిగతా వాటి దగ్గరే తేడా వచ్చింది.

“ఇదేం నౌకండీ మాస్టారూ, మన అసెంబ్లీలాగుంది,” అన్నాడు భాయ్. “పొద్దున లేస్తే టీవీలో ఇదే గొడవ. నక్షత్రాల్లోకి పోయినా వదలరా?”

“మూడు వేలమంది ఒకచోట దిగితే ఊరెక్కడ కట్టాలని తగువు రాదా భాయ్?” అన్నారు మాస్టారు. “రాకపోతే అది కథ కాదు, శుభలేఖ.”

భాయ్ వెనక్కి తిరిగి గోడకేసి చూపించాడు. అక్కడ ఒక అట్టముక్క మీద ఎర్ర పెయింటుతో రాసి ఉంటుంది, ఈ నౌకలో జెండాలకు చోటు లేదు అని. పాత సీరియల్‌లో కెప్టెన్ అన్న మాట అది. నలభై ఏళ్ళుగా మా ఆదివారాలకు చట్టం కూడా అదే. ఎన్నికలప్పుడు రిపేరుకొచ్చినవాడు పార్టీ ఊసెత్తినా భాయ్ నోటితో జవాబు చెప్పడు, అట్ట చూపిస్తాడు. లాయరమ్మ నడిపే ఫోన్ గ్రూపులో ఎక్కడెక్కడి అభిమానులో ఆ మాటనే పెట్టుకుని కొత్త సిరీస్‌ను తిడుతున్నారు.

మాస్టారు మాత్రం కెప్టెన్ ఆ మాట అని ఉండదన్నారు. ఇంజను గది కూలీలు సమ్మె చేసినప్పుడు వాళ్ళ ఎర్ర గుడ్డను అందరి ముందూ భుజాన వేసుకున్న మనిషి, జెండాలు వద్దని ఎలా అంటుందని ఆయన వాదన. మాట మీద మాట పెరిగింది. ఇదంతా మీ పార్టీవాళ్ళు తీయించిందే అయ్యుంటుందని భాయ్ నోరు జారాడు. మాస్టారి అన్నగారి పొలం ఒకప్పుడు రోడ్డు కింద పోయింది. ఆ మంట లోపల ఉన్నట్టుంది.

“పొలం పోయినోడికి తెలుస్తుంది భాయ్. కౌంటరు వెనక నీడపట్టున కూర్చునేవాడికి ఏం తెలుస్తుంది,” అన్నారు.

వచ్చిన టీ అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. సిరీస్ మొదటి భాగం విడుదలయ్యే ఆదివారం దగ్గరపడుతోంది. మాస్టారు నందిగామలో తన ఇంట్లో చూస్తానన్నారు, భాయ్ షాపులో చూస్తానన్నాడు. నన్ను ఇద్దరూ పిలిచారు. నలభై ఏళ్ళు ఎదురుచూసిన దాన్ని ముగ్గురం ఒక గదిలో కూర్చుని చూడాలి, నాకు కావలసింది అదొక్కటే. ఆ ఒక్క ఆదివారం తప్పిపోతే మిగతా ఆదివారాలు కూడా ఇక ఉండవని నాకు తెలుసు.

నా బాధ చూసి లాయరమ్మ ఇద్దరితో ఫోన్లో విడివిడిగా మాట్లాడి ఒక ఒప్పందానికి తెచ్చింది. కెప్టెన్ ఆ మాట అన్నదా లేదా అన్నది నా డైరీ తేలుస్తుంది. అని ఉంటే మాస్టారు భాయ్ షాపుకొచ్చి మొదటి భాగం చూడాలి. అనకపోతే భాయ్ నందిగామ వెళ్ళాలి. ఎవరు ఓడినా ఎదురుమాట అనకూడదు. డైరీ చెప్పిందే తీర్పు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

“మీ డైరీ మీద ఇద్దరికీ నమ్మకమే బాబాయి గారూ,” అంది లాయరమ్మ. “మాకు కోర్టులో అలాంటి సాక్షి దొరకడు.”

శనివారం పొద్దున కాఫీ తాగి బీరువాలోంచి ఆ ఏటి డైరీ తీశాను. నాకు మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది, కాలువ ఉద్యోగంలో వచ్చినది. గేజి పుస్తకంలో నీటిమట్టం చూసింది చూసినట్టు సిరాతో రాస్తాం. మా అనుమానాలు, అభిప్రాయాలు పక్కన పెన్సిల్‌తో రాస్తాం. ఎప్పుడైనా పైఅధికారి అడిగితే ఏది లెక్క, ఏది మన ఊహ అని తడుముకోనక్కరలేదు. నౌక కథకూ అదే పద్ధతి పాటించాను. పత్రికలో ఉన్నది సిరాతో, నాకు తోచింది పెన్సిల్‌తో.

ఆ మాట దొరికింది. కథ చివర, పేజీ అడుగున ఉంది, ఈ నౌకలో జెండాలకు చోటు లేదు అని. పెన్సిల్‌తో ఉంది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే పేజీలో పైన ఆ రోజు ఆఫీసు సంగతి ఉంది. తూము దగ్గర గుడిసె మీద ఎవరి జెండా కట్టాలని రెండు యూనియన్లు కొట్టుకున్నాయి, మధ్యలో గేటు ఎత్తే మనిషి లేక చివరి చేలకు నీళ్ళు అందలేదు. ఆ కోపంలో, మన కాలువ కూడా నౌకలాగుంటే బాగుండేదని, కథ చివర నా మాట ఒకటి చేర్చుకున్నాను. ఆదివారం షాపులో డైరీ విప్పి, కథ చదువుతూ చదువుతూ దాన్ని కూడా చదివేశాను. కాగితం మీద సిరా వేరు, పెన్సిల్ వేరు. గొంతులో ఆ తేడా వినపడదు. విన్నవాళ్ళు కెప్టెనే అందనుకున్నారు. భాయ్ ఆ వారమే అట్ట రాయించాడు. చూసి చూసి, కొన్నేళ్ళకు నేను కూడా కెప్టెన్ మాటే అనుకున్నాను.

కలం చేతిలోనే ఉంది. ఆ పెన్సిల్ గీతల మీద సిరాతో దిద్దితే పావు నిమిషం పని. భాయ్ గెలుస్తాడు, మాస్టారు మాట మీద నిలబడే మనిషి కాబట్టి వస్తారు, ముగ్గురం కలిసి చూస్తాం. నా మీద ఉన్న నమ్మకానికీ ఏమీ కాదు. కలం మూత తీసి మళ్ళీ పెట్టేశాను. నా భార్య వచ్చి, ఒక్క పేజీ ఇంతసేపు చదువుతున్నారేమిటని అడిగింది. చదవడం అయిపోయింది, రేపు చదివి వినిపించడమే మిగిలిందన్నాను.

ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికొచ్చారు. మాస్టారు కుర్చీలో, భాయ్ మంచం మీద కూర్చున్నారు, ఇద్దరి మధ్యా లాయరమ్మ. నేను ఆ పేజీ మొత్తం, యూనియన్ల గొడవతో సహా చదివాను. ఆ మాట దగ్గర ఆగి, ఇది పెన్సిల్‌తో ఉంది, కాబట్టి ఇది నాది అని చెప్పాను.

భాయ్ మంచం మీంచి వంగి ఆ పేజీ చూశాడు.

“అంటే అన్నా, నలభై ఏళ్ళబట్టి మా షాపులో వేలాడేది నీ మాటా?”

“నాదే.”

“కెప్టెన్ది కాదు.”

“కాదు.”

“ఎంతమందికి చెప్పా నేను. మా అమ్మాయి పెళ్ళిచూపుల్లో అల్లుడికి కూడా చెప్పా.”

మాస్టారు నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. గెలిచానన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. సమ్మె సంగతి కూడా ఒకసారి చూసుకుంటానని డైరీ తన ఒళ్ళోకి తీసుకుని పేజీలు తిప్పారు. ఎర్ర గుడ్డ దొరికింది, సిరాతోనే ఉంది. మొహం వెలిగింది. తర్వాతి వారం పేజీ తిప్పేసరికి ఆ వెలుగు ఆగిపోయింది. చదవమని డైరీని లాయరమ్మకు ఇచ్చారు. ఆమె చదివింది, “ఈ వారం మూడు పేజీలు ప్రేమ గొడవ. కెప్టెన్‌కూ ఇంజను గది మేస్త్రీకీ. పోయిన వారం గుడ్డ సంగతి కూడా ఇందుకేనట, ఆ గుడ్డ అతనిది. అక్కరలేదని వదిలేశాను.”

“ఎవరికి అక్కరలేదండీ?” అన్నారు మాస్టారు నా వైపు తిరిగి.

ఆ వయసులో నాకు ప్రేమ గొడవలంటే విసుగు. పైగా కాలువ గట్టు మీద క్వార్టర్స్‌లో లాంతరు కింద రాసుకోవాలి, చమురు దండగ అనిపించి ఉంటుంది. ఆ మాటే చెప్పాను. ఆదివారాలు చదివేటప్పుడు కూడా దాన్ని దాటేసి ఉంటాను.

“చూశావా భాయ్,” అన్నారు మాస్టారు. మూడు వారాల తర్వాత ఆయన భాయ్‌తో నేరుగా అన్న మొదటి మాట అది. “ముప్ఫై ఏళ్ళు పిల్లలకు కెప్టెన్ పోరాటం అని పాఠం చెప్పాను. ఆవిడ మొగుడి కండువా వేసుకుందట.”

“ట్రైలర్లో మొగుడు వీడేగా మాస్టారూ. మనం తిట్టిన మొగుడు,” అన్నాడు భాయ్. “కొత్తోళ్ళు పాత కథ సరిగ్గా చదివినట్టున్నారు. మనకే ఇన్‌స్పెక్టరు గారు కోసి ఇచ్చారు.”

ఇక ఇద్దరూ ఒకటై నా మీద పడ్డారు. ఇంకా ఏమేం వదిలేశావో చెప్పమన్నారు. పేజీ పేజీ వెతికారు. కెప్టెన్ తోడికోడలు ఒకావిడ, నౌకలో జరిగిన ఒక పెళ్ళి, తొమ్మిది పాటలు, అన్నీ నా దగ్గరే ఆగిపోయాయని తేలింది. నా పరువు అంత హాయిగా పోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు పక్షాలకూ సాక్ష్యం చెడగొట్టినవాడు ఒక్కడే కాబట్టి ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కరలేదని, మొదటి భాగం సాక్షి ఇంట్లోనే చూడాలని లాయరమ్మ తీర్పిచ్చింది. టీవీకి వైరు కలపడానికి భాయ్ లేస్తుంటే మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

“కౌంటరు మాట నేను అనకూడదు భాయ్.”

“పార్టీ మాట నేను మొదలుపెట్టా కదండీ,” అన్నాడు భాయ్. “జరగండి, ప్లగ్గు మీ వెనక ఉంది.”

సాయంత్రం నాలుగింటికి నౌక దిగింది. మట్టి ఎర్రగా, మా చందర్లపాడు దారిలో మట్టిలాగే ఉంది. కెప్టెన్ మొదటి అడుగు వేసినప్పుడు ముగ్గురిలో ఎవరి కళ్ళు తడి కాలేదో చెప్పలేను, నేను వాళ్ళ వైపు చూడలేదు. పావుగంటలో తగువు మొదలైంది, తెర మీదా, గదిలోనూ. రాజధాని అక్కడ తవ్వబోయే కాలువ తల దగ్గర కట్టాలని భాయ్, చివర కడితేనే చివరిదాకా నీళ్ళొస్తాయని మాస్టారు. ఈసారి పార్టీల పేర్లతో సహా తిట్టుకున్నారు. ఎవరూ లేచిపోలేదు. నా భార్య చేసిన పకోడీలు రెండు విడతలు అయిపోయాయి.

మాస్టారిని ఎక్కించడానికి బస్టాండుకు నడిచాం. వాదన తెగక రెండు బస్సులు వదిలేశారు. మూడోదాని మెట్టు మీద నిలబడి మాస్టారు ఇంకా చెబుతూనే ఉన్నారు. ఎక్కుతారా దిగుతారా పెద్దాయనా అని కండక్టరు అడిగాడు. మాస్టారు ఎక్కారు. ఆయన వెనకే భాయ్ కూడా ఎక్కేశాడు. అతనికి నందిగామలో ఏ పనీ లేదు.

చీకటి పడ్డాక ఫోన్ చేశాడు.

“అన్నా, మాస్టారింట్లో ఉన్నా. అక్కయ్య గారు చేపల పులుసు పెడుతున్నారు, తినకుండా పంపరంట. మా ఇంటికెళ్ళి కాస్త చెప్పు, పొద్దున్నే వస్తానని.”

వెనక నుంచి మాస్టారి గొంతు వినపడుతోంది. కాలువ చివర ఊరు కడితే లాభమేమిటో మొదటినుంచీ చెబుతున్నారు. నేను చెప్పులు వేసుకుని భాయ్ ఇంటికి బయలుదేరాను.