గుడ్డికొంగ అనుకుని

మా రేపల్లె వైపు పొలం గట్ల మీద కదలకుండా కూర్చునే చిన్న కొంగని గుడ్డికొంగ అంటారు. మనిషి దాదాపు తొక్కేదాకా ఎగరదు కాబట్టి చూపు లేదని పేరు పెట్టేశారు. ఎనభైల్లో బాపట్లలో జువాలజీ చదువుతూ కూడా నేను ఆ పేరునే నమ్మాను. పైగా అన్నీ తెలుసన్న పొగరొకటి.

ఒక మధ్యాహ్నం చెరుకుపల్లి దగ్గర, కాలవ పక్క నిలువెత్తు జమ్ముగడ్డిలో ముక్కు ఆకాశానికెత్తి కర్రలా బిగుసుకుపోయిన చిన్న కొంగ కనిపించింది. చెయ్యి చాపినా కదల్లేదు. గుడ్డిదే అనుకుని పట్టేశాను. పక్కనే చాపలకి తుంగ కోస్తున్న ముసలావిడ కొడవలి ఆపింది.

"వదిలెయ్యి నాయనా. పిల్లల తల్లి అది. గూడు విడిచి పోలేక నిలబడింది."

"నీకు తెలీదులే మామ్మా, మా సార్‌కి చూపించాలి" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే దాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కి, తెనాలిలో బండి మారి కాలేజీకి చేరాను. సార్ దాని మెడ మీది చారలు, పసుపు కలిసిన గోధుమరంగు ఒళ్ళు, నల్లటి రెక్కల చివర్లు చూశారు.

"ఇది గుడ్డికొంగ కాదయ్యా, బిటర్న్. చూపు బ్రహ్మాండంగా ఉంటుంది. మనిషిని చూస్తే జమ్ములో జమ్ములా నిలబడిపోతుంది, అంతే. గూటి దగ్గర పట్టలేదు కదా?"

"లేదండి, గట్టు మీద" అన్నాను. క్లాసంతా నన్ను మెచ్చుకోలుగా చూస్తోంది. నిజం మింగేశాను.

సాయంత్రం కొంగని మళ్ళీ సంచిలో పెట్టుకుని, చెరుకుపల్లిలో బస్సు దిగి కాలవ దాకా పరిగెత్తాను. ఆ ముసలావిడ మోకాలి లోతు నీళ్ళలో గూటి దగ్గర నిలబడి ఉంది. అరచేతిలో చిన్న చేపలు. మూడు పిల్లల్లో రెండు చచ్చిపోయాయి.

"పొద్దుట్నించీ నోట్లో పెడతానే ఉన్నా, మింగట్లేదు" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సంచి విప్పాను. కొంగ తిన్నగా గూటి మీద వాలింది. ఆవిడ వెనక్కి తప్పుకుంది. మిగిలిన పిల్ల నోరు తెరిచి తల్లి కాళ్ళ దగ్గర దేకుతోంది. తల్లి వంగలేదు. ఏమైందోనని నేను ఇంకో అడుగు ముందుకేశాను.

"నువ్వెళ్ళిపో నాయనా" అంది ఆవిడ. "అది నిన్నే చూస్తోంది."