బర్రె చెవులు నిక్కిన వైపు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. విమానాశ్రయం దగ్గరున్న మంఖాల్‌లో మా చుట్టుపక్కల ఎవరికి గాలి సోకిందన్నా, ముందు దవాఖానకు తీసుకుపొమ్మని పోట్లాడేదాన్ని. అందుకే మా తమ్ముడు శీనుకు ఎవరిదో గొంతు వినిపిస్తోందని తెలియగానే సిటీలో మానసిక వైద్యురాలికి చూపించాను.

వాడికి వినిపించేది ఒక ముసలామె గొంతు. "రావే, నా తల్లీ, రావే" అని, మేతకు పోయిన పశువును ఇంటికి పిలిచినట్టు పిలుస్తుందట.

డాక్టరమ్మ మందు చిన్న మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచింది. గొంతు కాస్త తగ్గిందన్నాడు గానీ, వాడి కాళ్లు నిలవడం మానేశాయి. తింటూ తింటూ లేచి వాకిట్లో తిరిగేవాడు. వాణ్ణి చూస్తుంటే నాకూ కుదురుగా కూర్చోబుద్ధయ్యేది కాదు. జబ్బు ముదిరిందనీ, మందు ఇంకా పెంచాలనీ అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా బర్రెను గమనించాను. శీను ఉలిక్కిపడినప్పుడల్లా అది నెమరు ఆపి, విమానాలు దిగే వైపున్న గోడకేసి చెవులు నిక్కించేది. వీణ్ణి చూసి బెదురుతోందనుకున్నాను.

తేల్చుకుందామని ఒక మధ్యాహ్నం శీనును లోపలి గదిలో కూర్చోబెట్టి, గొంతు వినపడగానే తలుపు కొట్టమన్నాను. నేను కొట్టంలో నిలబడ్డాను. ముందు బర్రె ఆ గోడవైపు మెడ తిప్పింది. ఆ వెంటనే లోపల తలుపు చప్పుడైంది. కాసేపటికి మళ్లీ అంతే.

చూసింది చెబితే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇగ గోళీలు బంద్ చెయ్ బిడ్డా. ఇది దవాఖానతోని పోయేది కాదు" అంది. ఆ రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని మొదటిసారి తటపటాయించాను. చివరికి ఇచ్చాను. తెల్లారగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

ఆమె నవ్వలేదు. "బర్రెను చూసి మందు రాయలేనమ్మా. మీ తమ్ముణ్ణి చూసే రాస్తాను" అని శీను వైపు తిరిగింది. "భయమేసి తిరుగుతున్నావా, కాళ్లే కూర్చోనివ్వడం లేదా?"

"భయం లేదు మేడం. కాళ్లల్ల చీమలు పారినట్టున్నది. జరసేపు గూడ కూసోనిస్తలేవు."

"ఇది జబ్బు కాదు, మందు చేస్తున్న పని. పెంచి ఉంటే ఇంకా అల్లాడిపోయేవాడు" అంది నాతో. ఎవరికెంత సరిపోతుందో ముందే తెలియదట. ఇచ్చి చూడాలి, మనిషిని అడగాలి, మళ్లీ సరిచేయాలి. ఆ మందు తగ్గించి, మెల్లగా ఇంకోటి మొదలుపెట్టి, వాడికి సరిపడే చోట ఆపింది.

శీను కుదుటపడ్డాడు. గొంతు పూర్తిగా పోయింది. కాటేదాన్‌లో ఫ్యాక్టరీకి మళ్లీ పనికి పోతున్నాడు.

మొన్న సాయంత్రం వాడు పాలు పిండుతుంటే బర్రె గోడవైపు మెడ తిప్పింది. ఎవరికో బదులిచ్చినట్టు మెల్లగా అరిచి, తాడు బిగుసుకునేలా అటు లాగింది.

"ఏందే, ఎవరున్నరే ఆడ?" అని శీను నవ్వుతూ దాని వీపు మీద చరిచాడు. వాడికేమీ వినపడలేదు. నాకూ వినపడలేదు.

గోడ అవతలికి వెళ్లి చూశాను. ఖాళీ ప్లాట్లు తప్ప ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి బర్రె ఇంకా అటే చూస్తోంది. గుంజ దగ్గర వంగి తాడుకు ఇంకో ముడి వేశాను. ఎవరు తీసుకుపోతారని వేశానో ఇప్పటికీ చెప్పలేను.