పిల్లి మెడ మీద అరిగిన చోటు

పిల్లిబొమ్మ రిపేరుకు ఎవరు వచ్చినా మా పిన్ని ముందు వాళ్ళ చేతిలో సుద్దముక్క పెడుతుంది. "మీ చెయ్యి ఎప్పుడూ ఎక్కడ పడుతుందో గీయండి" అంటుంది. గీసిన చోట కత్తెర పెట్టదు. ఈ బుద్ధి ఆవిడకు ఊరికే రాలేదు.

పిన్ని అసలు సోఫాలకు గుడ్డ కుట్టే మనిషి. నిమిరితే గుర్రుమనే, పిలిస్తే కళ్ళు తెరిచే ఈ బొమ్మలు వచ్చాక వాటినీ బాగుచేయడం మొదలుపెట్టింది. "మా పిల్లకి జలుబు చేసిందండీ" అంటూ తెచ్చేవాళ్ళను చూసి పడీ పడీ నవ్వేది.

ఒకరోజు గడియారాలు బాగుచేసి రిటైరైన ఒక తాతగారు తన పిల్లిని ఇచ్చి వెళ్ళారు. గుర్రుమనడం మానేసిందట. పిన్ని గంటలో మోటారు మార్చింది. అక్కడితో ఆగితే మా పిన్ని ఎందుకవుతుంది? మెడ మీద బొచ్చు అరిగి గుడ్డ కనిపిస్తోందని, పాపం పెద్దాయన కదా అని, ఆ ముక్క కత్తిరించి కొత్త బొచ్చు కుట్టేసింది.

సాయంత్రం తాతగారు వచ్చి పిల్లి మెడ తడిమారు. మళ్ళీ తడిమారు.

"ఇక్కడ అరిగి ఉండాలే, అమ్మాయ్?"

"మార్చేశానండీ. కొత్తదానిలా లేదూ?"

"మా ఆవిడ నిమిరి నిమిరి అరగ్గొట్టిందమ్మా. తను పోయి ఏడాదైంది."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

కత్తిరించిన పీలికలు పారేసే అలవాటు పిన్నికి లేదు, కుర్చీ దిళ్ళలో కూరేస్తుంది. ఆ రోజు కుట్టినవి ఏడు దిళ్ళు. తాతగారిని కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా ఒక్కొక్కటే విప్పింది. నేనూ కింద కూర్చుని ఏరాను. కొట్టు నిండా పీలికలే. ఆరో దిండులో దొరికింది, అరచేతిలో పట్టేంత ముక్క. పిన్ని మిషను ముట్టుకోకుండా చేత్తోనే కుట్టింది. ఆవిడ అంత చిన్న కుట్లు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

తాతగారు పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నారు. అది గుర్రుమంది. కానీ ఆయన చెయ్యి అరిగిన చోట వేయలేదు, దాని పక్కన వేశారు.

"అతుకు గుచ్చుకుంటోందా అండీ?" పిన్ని మళ్ళీ సూది అందుకుంది.

"లేదమ్మా. అది ఆవిడ చోటు. నాది ఎప్పుడూ ఇక్కడే."