శూన్యసత్రం తరఫు ప్లీడరు

నిత్యానందం మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఆయనతో మీరు ఏ విషయం మొదలుపెట్టినా మూడు నిమిషాల్లో అది ‘శూన్యసత్రం’ సీరియల్ దగ్గరికి చేరుతుంది. నేను లెక్కల టీచర్ని కాబట్టి ఊరికే అనను. మండవల్లి దగ్గర మిషన్ హైస్కూల్లో ఆయన సైన్సు, నేను లెక్కలు పదిహేడేళ్ళు పక్కపక్క గదుల్లో చెప్పాం. స్టాఫ్‌రూమ్ గోడ గడియారం చూసి కొలిచాను. రొయ్యల ధర దగ్గర మొదలుపెడితే శూన్యసత్రానికి రెండు నిమిషాల నలభై సెకన్లు. పరీక్ష పేపర్ల దగ్గర మొదలుపెడితే రెండు నిమిషాలు. చావు పరామర్శ నుంచి ఒకటిన్నర నిమిషం. “అక్కణ్ణుంచి దారి దగ్గరండీ,” అని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ సీరియల్ మీరు చూసి ఉండరు. బాధపడకండి, ఎవరూ చూడలేదు. పాతికేళ్ళ కిందట ఒక చిన్న ఛానల్లో ఆదివారం మధ్యాహ్నం, జనం భోంచేసి నడుం వాల్చే వేళకి వచ్చేది. పదమూడు భాగాలనుకుని తొమ్మిది భాగాలతో ఆపేశారు. గ్రహాల మధ్య శూన్యంలో ఎక్కడో ఒక సత్రం. అంతరిక్ష నౌకల్లో దారిన పోయేవాళ్ళు అక్కడ దిగి, భోంచేసి, పడుకుని వెళ్తుంటారు. సత్రం నడిపేది ఒక ముసలాయన. యుద్ధాలు లేవు, పేలుళ్ళు లేవు. కథ, దర్శకత్వం, పెట్టుబడి అన్నీ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి వీరరాఘవులు గారివే. షూటింగు కూడా ఆయన ఉల్లిపాయల గొడౌన్లోనే జరిగింది.

అది వానాకాలం. సగం బస్తాలు కుళ్ళుతున్నాయి. దాంతో తొమ్మిది భాగాల్లోనూ నటీనటులందరూ ఏడుస్తూనే ఉంటారు. అన్నం తింటూ ఏడుస్తారు, నౌక రిపేరు చేస్తూ ఏడుస్తారు, ఒకరికొకరు జోకులు చెప్పుకుని మరీ ఏడుస్తారు.

“అది ఉల్లిపాయల ఘాటు కదా మాస్టారూ,” అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

“ఘాటని ఎవరన్నారండీ?” అన్నారాయన సుద్దముక్క కింద పెట్టి. “వాళ్ళు భూమిని వదిలి కోట్ల మైళ్ళు వచ్చేసినవాళ్ళండీ. మీరు ట్రైనింగని ఏలూరులో నాలుగు రోజులుంటేనే మీ అమ్మాయి ఫొటో చూసి కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళకి మాత్రం ఉండదా? గ్లిజరిన్ చుక్క వాడలేదండీ. ఆ నిజాయితీ చూడండి!”

రెండో భాగంలో వేరే గ్రహం వస్తుంది. అది కొల్లేరు. కలిదిండి వైపు ఏదో చెరువు గట్టు మీద తీశారు. ఆకాశంలో గూడబాతులు ఎగురుతుంటాయి, వెనకాల చెరువులో రెక్కలతో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతుంటాయి. లుంగీ కట్టుకున్న ఒకాయన చేపల మేత బస్తా మోసుకుంటూ పోతూ, కెమెరా కనబడగానే చెయ్యి ఊపుతాడు. దీని గురించి మాస్టారు మా హెడ్మాస్టరుతో ఒక పీరియడంతా వాదించారు.

“గ్రహాంతరవాసి లుంగీ కడతాడా అండీ?” అన్నారు హెడ్మాస్టరు.

“కట్టడని ఎవరన్నారండీ? గ్రహాంతరవాసి అంటే మనల్ని చంపేస్తాడనే అందరూ చూపించారు. చూడగానే చెయ్యి ఊపుతాడని చూపించినవాడు లోకంలో ఈయనొక్కడేనండీ!”

ఇంతా చేస్తే మాస్టారు ఆ సీరియల్ చూసింది ఒక్కసారే. మళ్ళీ ఎక్కడా వెయ్యలేదు, క్యాసెట్లూ దొరకలేదు. ఉన్నదంతా జ్ఞాపకమే. ఏలూరులో హెర్నియా ఆపరేషన్‌కి మత్తుమందిస్తూ డాక్టరు గారు అంకెలు లెక్కపెట్టమంటే ఈయన భాగాల పేర్లు చెప్పడం మొదలుపెట్టారట. నాలుగో పేరు దగ్గర స్పృహ తప్పింది. రెండున్నర గంటల తర్వాత కళ్ళు తెరిచి, పక్కనున్న నర్సుతో ఐదో పేరు చెప్పారు.

ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థన కూటాల్లో దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి ఆయన లేచారంటే శామ్యూల్ పాస్టరు గారు గబగబా పాట ఎత్తుకునేవారు. మాస్టారి భార్య సారమ్మ గారు మాత్రం వానాకాలంలో దోమలతో సర్దుకుపోయినట్టే దీనితోనూ సర్దుకుపోయారు. “పెళ్ళయ్యాక ఆయన నన్ను కసురుకున్నది ఒక్కసారేనండి,” అని చెప్పారు నాతో. “ఆరో భాగం వస్తుంటే మిక్సీ వేశాను. టీవీలో బొమ్మంతా గీతలు పడిపోయింది. అంతే, రెండ్రోజులు మాట్లాడలేదు.”

ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను. “ఇంతకీ అందులో కళ ఏముంది మాస్టారూ? ఒక్కటంటే ఒక్కటి చెప్పండి.”

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆరో భాగం చెప్పారు. సత్రానికి కబురొస్తుంది. ఒక నౌక బయల్దేరింది, లోపల ఒక్కడే ప్రయాణికుడు, చేరడానికి నాలుగు వందల ఏళ్ళు పడుతుంది, భోజనం సిద్ధంగా ఉంచండి అని. ముసలాయన లేస్తాడు. విస్తరి వేస్తాడు, నీళ్ళు చల్లుతాడు, మంచినీళ్ళ గ్లాసు పెడతాడు. పూట గడిచాక ఆ విస్తరి తీసేసి మర్నాడు కొత్తది వేస్తాడు. అలా వేస్తూనే ఉంటాడు. ఆ చేతులు ముడతలు పడతాయి, వణుకుతాయి. కొన్నాళ్ళకి విస్తరి వేసేవి వేరే చేతులు. ఆ తర్వాత ఇంకెవరివో.

“నాలుగు నిమిషాలు ఒక్క మాట లేదండీ, సంగీతం లేదు. ఎప్పుడొస్తాడో తెలియని మనిషికి విస్తరి వేసి ఉంచారు చూడండి, ఆ మర్యాద నేనింకెక్కడా చూడలేదండీ,” అన్నారు.

నాకు నిజంగానే బాగుందనిపించింది. కానీ పైకి అనలేదు. అంటే ఏడో భాగం మొదలుపెడతారని భయం.

“తీసినాయన్ని తల్చుకుంటేనే బాధండీ,” అన్నారు మాస్టారు. “గూడెం మార్కెట్లో ఇప్పటికీ రాకెట్టు రాఘవులంటారట. ఇంట్లో సీరియల్ మాటే ఎత్తరట. ఆయన బతికుండగా ఒక్కసారి, ఒక్క హాలు జనం నోరు మూసుకుని ఆ నాలుగు నిమిషాలూ చూడాలండీ. అది ఆయన కళ్ళారా చూడాలి. నాకింకేమీ వద్దు.”

“మీరే వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పొచ్చుగా?”

“వెళ్ళానండీ. ఆయన ఎదురుగా నిలబడేసరికి నోరు పెగల్లేదు. ఒక బస్తా ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేశాను.”

అంతకు ముందు ఒక నెలంతా స్టాఫ్‌రూమ్‌లో ఆయన క్యారేజీ మూత తీస్తే ఉల్లిపాయ పులుసే. కారణం నాకప్పుడు తెలిసింది.

మేమిద్దరం రిటైరయ్యాక, కిందటి ఫిబ్రవరిలో ఏలూరు నుంచి ఆకాష్ అనే కుర్రాడు మాస్టారికి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంట్లోంచే చేసుకుంటూ తీరిక వేళల్లో యూట్యూబ్ ఛానల్ నడుపుతాడు. పాత సీరియళ్ళు వెతికి పట్టుకుని, జనాన్ని కూచోబెట్టి వేసి, అందరూ కలిసి పడీపడీ నవ్వడం ఆ ఛానల్ పని. శూన్యసత్రం టేపులు ఎక్కడో దొరికాయట. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఏలూరులో కల్యాణమండపంలో ప్రదర్శన. “లోకంలో ఏకైక అభిమాని మీరే అని విన్నామండీ. శాలువా కప్పుతాం, రావాలి,” అన్నాడు.

నేను ఆ ఛానల్ వీడియోలు రెండు చూపించాను. “వెక్కిరించడానికే పిలుస్తున్నారండీ మాస్టారూ.”

“తెలుసండీ,” అన్నారాయన. “వెక్కిరించాలన్నా ముందు చూడాలి కదా. వాళ్ళూ చూస్తారు, పాతికేళ్ళ తర్వాత నేనూ చూసుకుంటాను.”

మాస్టారు, సారమ్మ గారు, నేను బస్సెక్కి ఏలూరు వెళ్ళాం. మండపంలో మూడొందల మంది ఉన్నారు. వేదిక మీద పెద్ద బ్యానరు: ‘శూన్యసత్రం: నవ్వి నవ్వి పోతే మా పూచీ లేదు!’ మేం గుమ్మం దగ్గర నిలబడి ఉండగా ఒక కారు వచ్చి ఆగింది. ఒక అమ్మాయి దిగి, ఎనభైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టి దించింది. కొత్త పట్టుపంచె, భుజాన జరీ కండువా.

“ఏవండీ, వీరరాఘవులు గారి సీరియల్ సన్మానం ఇక్కడేనా అండీ?” అని అడిగింది మాస్టార్ని. “నా పేరు విజయదుర్గ. ఆయన మా తాతయ్య. యూట్యూబ్‌లో ‘ప్రదర్శన, శాలువాతో సత్కారం’ అని పోస్టరు చూసి నేనే తీసుకొచ్చానండి.”

అంతలో ఆ అమ్మాయికి లోపల బ్యానరు కనిపించింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దాయనకి మాత్రం ఆ అక్షరాలు ఆనలేదు. ఫొటోల్లో మెరుస్తుందని కళ్ళజోడు కారులోనే వదిలేశారు.

“జనం బాగానే వచ్చినట్టున్నారే,” అన్నారాయన లోపలి గోల వింటూ. “పాతికేళ్ళు పట్టిందమ్మా వీళ్ళకి అర్థం కావడానికి.”

మాస్టారు ఆయన్ని చెయ్యి పట్టి తీసుకెళ్ళి వెనక వరసలో, సారమ్మ గారి పక్కన కూచోబెట్టారు. తనెవరో చెప్పుకోలేదు. తిన్నగా ఆకాష్ దగ్గరికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

“బాబూ, ఆ బ్యానరు తీయించెయ్యండి. సీరియల్ తీసినాయన వచ్చి కూచున్నారు. సన్మానం అనుకుంటున్నారు.”

ఆకాష్ కంగారుపడ్డాడు. “అయ్యో, జనం నవ్వుకోవడానికి వచ్చారండీ. ఇప్పుడెలాగండీ?”

“నవ్వు కావాలి, అంతే కదా? అది నేనిస్తాను. మైకు నా చేతికివ్వండి. ఆరో భాగం మాత్రం ఎక్కడా కత్తిరించకుండా వెయ్యండి.”

“అది మరీ బోరండీ.”

“వెయ్యండి బాబూ.”

బ్యానరు దిగింది. నేను వచ్చి వెనక వరసలో వాళ్ళ పక్కన కూచున్నాను. దీపాలార్పారు. మాస్టారు వేదికెక్కి తెర పక్కన నిలబడ్డారు. ఉల్లిపాయల ఏడుపు మొదలవగానే జనం గొల్లుమనబోయారు. అంతకంటే ముందే ఈయన జేబులోంచి దుప్పటంత రుమాలు తీసి, తెర మీది పాత్రలకంటే గట్టిగా ఏడ్చారు. కొల్లేరు గ్రహం రాగానే ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, రెండు చేతులూ తిప్పుతూ ఏరియేటరయ్యారు. లుంగీ ఆయన చెయ్యి ఊపగానే “నమస్కారమండీ, ఇంట్లో అందరూ కులాసానా?” అని తెరని పలకరించారు. జనం కుర్చీల్లోంచి జారిపోయి నవ్వారు. తెర వైపు చూసి నవ్వినవాడు ఒక్కడూ లేడు, అందరి వేళ్ళూ మాస్టారి వైపే.

“ఎవరమ్మా ఆ మనిషి?” అన్నారు వీరరాఘవులు గారు.

“మీ అభిమానట తాతయ్యా.”

“కాస్త తేడాగా ఉన్నాడే.”

 ఆ సీరియల్‌ని చూసి ఒక్కరు నవ్వినా ఊరుకోని మనిషి మూడొందల మంది చేత తనని చూసి నవ్వించుకుంటున్నాడు. పైగా పాతికేళ్ళు ఎదురుచూసిన సీరియల్ వెనకాల నడుస్తుంటే, వీపు దానికి పెట్టి, ఒక్క ముక్క చూడకుండా నిలబడ్డాడు. పదిహేడేళ్ళు గడియారం పట్టుకుని ఈయన్ని కొలిచినందుకు నాకు సిగ్గేసింది.

ఆరో భాగం మొదలైంది. మాస్టారు మైకు కింద పెట్టారు. క్లాసులో లాగే పెదాల మీద వేలు పెట్టి అందర్నీ ఒకసారి చూసి, వేదిక దిగి నేల మీద కూచున్నారు. ఇంకా ఏం చేస్తాడోనని జనం ఆయన కేసే చూశారు. ఆయన తెర కేసి చూస్తున్నారు. వాళ్ళూ అటే చూశారు.

ఆ విస్తరి దృశ్యం నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి ఎత్తుకెళ్ళింది. ఇంకే చప్పుడూ లేదు. అందరూ లేచి నిలబడి జేజేలు కొట్టారని రాస్తే బాగుంటుంది గానీ, నాకు లెక్క తప్పడం ఇష్టం ఉండదు. ముప్పై నలభై మంది చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళు చేతిలో ఫోన్లున్న సంగతి మర్చిపోయి కూచున్నారు. వీరరాఘవులు గారు కండువా సర్దుకుని నిటారుగా కూచున్నారు. మాస్టారికని తెచ్చిన శాలువా ఆకాష్ వచ్చి పెద్దాయనకి కప్పాడు. 

అంతా అయ్యాక పెద్దాయన మాస్టార్ని పిలిపించారు.

“మీరు మాస్టారటగా. ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇంతమంది అభిమానంతో వస్తే మధ్యలో మీ కోతి చేష్టలేవిటండీ? ఆరో భాగానికి ఎలాగో నోరు మూసుకున్నారు గనక సరిపోయింది. కళంటే కాస్త గౌరవం ఉండాలండీ!”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. సారమ్మ గారు నా చెయ్యి గట్టిగా గిల్లారు.

“తప్పయిపోయిందండీ. ఇంకోసారి జరగదండీ,” అన్నారు మాస్టారు చేతులు కట్టుకుని.

“మిగతా నాలుగు భాగాలూ రాసి ఇంట్లో ఉన్నాయి. ఇవాళ్టితో ఓపికొచ్చింది, తీస్తాను. మిమ్మల్ని మాత్రం చచ్చినా పిలవను.”

తిరుగు బస్సులో మాస్టారు తనలో తను నవ్వుకుంటున్నారు. నాకు కోపం ఆగలేదు.

“అన్ని మాటలన్నాడు, నవ్వుతారేవిటండీ?”

“విన్నారా సత్యవతి గారూ?” అన్నారు నా వైపు తిరిగి. “ఇంకా నాలుగు భాగాలున్నాయటండీ! నన్నెలాగూ రానివ్వరు. మీరు వెళ్ళి చూసొచ్చి, ఒక్క ముక్క పోకుండా నాకు చెప్పాలి.”

“చెబుతానండీ,” అన్నాను. “కానీ ఆ విస్తరి సంగతి తేలుతుందంటారా? ఆ ప్రయాణికుడు పదో భాగంలోనైనా వస్తాడంటారా?”

సారమ్మ గారు కిటికీ వైపు తిరిగి, “ప్రభువా, ఇప్పుడు ఇద్దరయ్యారు,” అన్నారు.