ఎనిమిది వారాల ముందే వచ్చే జబ్బు

ఎవరికైనా జబ్బు చెప్పాపెట్టకుండా వస్తుంది. ప్రొఫెసర్ ఆస్మున్ క్వామ్మెకి మాత్రం సరిగ్గా ఎనిమిది వారాల ముందు కబురు పెట్టి మరీ వస్తుంది.

ఈ సంగతి తోరున్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బెర్గెన్‌కి గంట దూరంలో, ఫియోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున గణిత సమావేశాలు జరిగే భవనానికి ఆవిడ కార్యదర్శి. ఏ సమావేశం పెట్టినా మొదటి ఆహ్వానం ట్రోమ్సోలో ఉండే ఆస్మున్‌కే వెళ్తుంది. లెక్కల్లో ఆయనది అంత పెద్ద పేరు. "తప్పకుండా వస్తాను, కిటికీ పక్క గది ఇవ్వండి" అని వెంటనే రాస్తాడు. ఎనిమిది వారాల ముందు రెండో ఉత్తరం దిగుతుంది: "జూన్ పద్నాలుగున నాకు నడుం పట్టేస్తుంది. రాలేను."

తోరున్ ఫోన్ చేసేది.

"రెండు నెలల తర్వాత పట్టబోయే నడుం సంగతి ఇప్పుడే ఎలా తెలిసిందండీ?"

"ఒంటి తత్వం, తోరున్. మా వంశంలో అందరికీ ఇంతే."

"పోయినసారి పన్ను అన్నారు."

"పన్ను తగ్గింది. అక్కడినుంచి కిందికి దిగింది." ఆపైన అనేవాడు, "అన్నట్టు వీసాలకి ఇంకా ఎనిమిది వారాలేనా పడుతోంది?"

"అవును. ట్రోమ్సో మన దేశంలోదే కదా, రావడానికి మీకు వీసా ఎందుకండీ?"

"ఊరికే. ఫోన్ పెట్టేసేముందు ఏదో ఒకటి అడగాలి కదా."

ఒక ఏడాది జబ్బు ఆయన పిల్లికి వచ్చింది. అక్టోబరు రెండో వారంలో మోన్స్ ప్రసవిస్తుందనీ, తాను దగ్గరుండాలనీ రాశాడు.

"మోన్స్ మగపిల్లి కదండీ?" అంది తోరున్.

"అందుకే కాన్పు కష్టమవుతుందంటున్నాను."

ఇంకో ఏడాది చీలమండ బెణకబోతోందని రాశాడు. బెణకాల్సిన రోజున వృద్ధుల స్కీ పందెంలో మూడోవాడిగా వచ్చిన ఆయన ఫొటో పేపర్లో పడింది. తోరున్ దాన్ని కత్తిరించి వంటింటి తలుపుకి అంటించి, ఆయనకి ఫోన్ చేసి చదివి వినిపించింది. "బెణికింది కాబట్టే మూడో స్థానం" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా. ఆ భవనంలో కాఫీ వేళ పందేలు నడిచేవి. ఈసారి ఏ జబ్బో చెప్పలేనివాళ్ళు అందరికీ వాఫిళ్ళు, అంటే గళ్ళగళ్ళ తీపి అట్లు, వేసిపెట్టాలి. పదేళ్ళలో తోరున్ వేసిన వాఫిళ్ళకి లెక్కలేదు.

ఆయన రాకపోతే ఏం చెయ్యాలో నిబంధనల్లో ఉంది. పిలిచిన అతిథి తన చోటు మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు. కానీ జబ్బు చేస్తే ఆయన గదీ, విమానం టికెట్టూ ఎదురుచూపుల జాబితాలో మొదటి పేరుకి వెళ్తాయి. ఆ కాగితం మీద తోరున్ చదవకుండానే ముద్ర వేసేది.

ఆస్మున్‌కి డెబ్బయ్యేళ్ళు నిండుతున్నాయని, ఆయన సిద్ధాంతం మీదే ఆగస్టులో సమావేశం పెట్టారు. కేకు కూడా చెప్పేశారు. సరిగ్గా ఎనిమిది వారాల ముందు ఉత్తరం వచ్చింది: "ఆగస్టు మూడు నుంచి తొమ్మిది దాకా నాకు తట్టు."

డైరెక్టరు టెల్లెఫ్‌కి నవ్వడం అలవాటు లేదు. "పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి చేయమంటాడా?" అన్నాడు. "ఎన్నిసార్లు ఎగ్గొట్టాడో పట్టీ రాసుకురండి. ఇక ఆహ్వానితుల్లోంచి ఆయన పేరు కొట్టేస్తాను."

"ఆ చోటు?"

"చోటు కూడా పోతుంది. ఎలాగూ రాని మనిషికి చోటెందుకు?"

తోరున్ పట్టీ రాయడానికి కూర్చుంది. తేదీ, జబ్బు, బదులుగా ఎవరొచ్చారు. పంతొమ్మిది జబ్బులు తేలాయి. మూడో వరసలో, వచ్చినవాళ్ళ పేర్లు రాస్తుంటే ఆవిడ పెన్ను నెమ్మదించింది. ఖాట్మండు నుంచి ఒకరు, ఢాకా నుంచి ఇద్దరు, వాగడూగు నుంచి ఒకరు. సొంత ఖర్చుతో రాగలిగినవాళ్ళు ఎలాగూ వస్తారు. రాలేనివాళ్ళే ఎదురుచూపుల జాబితాలో మిగులుతారు. ఇప్పుడు మొదటి పేరు అఫి అమెవోర్, టోగోలోని లోమే నగరంలో అధ్యాపకురాలు. ఆస్మున్ సిద్ధాంతం మీదే పనిచేస్తూ మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది.

పాలకవర్గం పాత తీర్మానాల పుస్తకం తీసింది. పేద దేశాలవాళ్ళని రప్పించే నిధిని పదేళ్ళ కిందట ఎత్తేశారు. ఎత్తెయ్యొద్దని చెయ్యెత్తింది ఒక్క ఆస్మునే. అంతకుముందు ఒక్క తుమ్మైనా తుమ్మని మనిషికి ఆ మరుసటి నెలలోనే మొదటి జబ్బు వచ్చింది. ఇన్నేళ్ళు నవ్వినందుకు తోరున్‌కి సిగ్గేసింది. తనకి ఒక్క మాటైనా చెప్పనందుకు కోపమూ వచ్చింది.

టెల్లెఫ్ ఆ పట్టీ రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తట్టు అంటుకునే జబ్బే కదా?"

"అంటుకుంటుందండి."

"అయితే ఆయన్ని లోపలికి రానివ్వడానికి వీల్లేదు. టికెట్టు లోమేకి పంపండి. ఆయన పేరు ఆహ్వానితుల్లోనే ఉండనివ్వండి, ఎప్పటికైనా కోలుకుంటాడు."

అఫి వచ్చింది, మాట్లాడింది, కేకు కూడా ఆవిడే కోసింది. ఆ మధ్యాహ్నమే తోరున్ ట్రోమ్సోకి ఫోన్ చేసింది.

"ఆవిడ మాట్లాడిందా?" అన్నాడు ఆస్మున్, ఎవరని కూడా అడక్కుండా.

"మాట్లాడింది. మీ సిద్ధాంతంలో మూడో మెట్టు తప్పని బోర్డు మీద చూపించి, సరిచేసింది."



"తట్టు తగ్గినట్టుంది, తోరున్."

"అప్పుడే తగ్గకండి. ఆవిడ పాస్‌పోర్టు వీసా ముద్రతో విమానం ఎక్కే ముందురోజు చేతికొచ్చింది, నా ప్రాణం పోయినంత పనైంది. వీసాలకి ఇప్పుడు పదకొండు వారాలు పడుతోంది. మార్చి సమావేశానికి మీ జబ్బు కబురు ఇంకో మూడు వారాలు ముందే రావాలి."

అవతల క్యాలెండరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"అలాగే," అన్నాడు ఆస్మున్. "మోన్స్ మళ్ళీ నీళ్ళోసుకున్నాడు."